నడుం మీద ఆగే సంచి

హనుమండ్లు ఎవ్వలనూ వద్దనే మనిషి గాదు. పెండ్లాం ఏదన్న అడిగితె "నీ ఇష్టం" అంటడు. అని, ఆ ఇష్టం మీద ఒక్కొక్కటే బరువు తెచ్చి పెడ్తడు, ఆమె తనంతట తనే "వద్దు తియ్యి" అనేదాంక. నర్మదకు గీ సంగతి సమజయ్యేటందుకు పెండ్లయినంక ఇరవై ఏండ్లు పట్టింది. అండ్ల సగానికెక్కువ ఆయన దుబాయిలనే ఉండె గాబట్టి గంత ఆలస్యమైంది, లేకుంటె ఎప్పుడో అయ్యేది.

వాళ్ళ ఊరు ధర్మపురికి దగ్గర. పొలం గట్టు మీద నిలవడితె గోదారి కనవడ్తది. ఆ ఊరికి కోడలై వచ్చిన కాన్నుంచి నర్మద నెత్తి మీద ఎక్కని వస్తువు లేదు. నీళ్ళ బిందె, గడ్డిమోపు, మక్కకంకుల గంప, పత్తి మూట, యూరియా బస్తా. మొగడు దుబాయిల ఉన్నోళ్ళ ఇండ్లల్ల ఆడమనిషే మొగమనిషి, కొత్తగ చెప్పేదేముంది. బిడ్డ పెండ్లి చేసింది, పొలం నిలవెట్టింది, ఖాళీ దొరికినప్పుడు బీడీలు చేసింది. పోయిన ఎండకాలం ఇగ మెడ తిరగకుంటైంది. కరీంనగర్ల డాక్టర్ ఫోటో తీసి చూసి, "మెడ బొక్కలరిగినయమ్మా, ఇగ నెత్తి మీద గడ్డిపోచ గూడ పెట్టద్దు" అన్నడు. ఇంటికొచ్చి గా మాట చెప్తె అత్త లస్మవ్వ, "గిన్నేండ్లు మేం మొయ్యలేదా" అన్నది. అన్నది గని, తెల్లారి తనే పోయి గడ్డి కోసుకొచ్చింది. ముసల్ది చెడ్డది గాదు, నోరే జర అట్లుంటది.

గా దినాలల్లనే మమతారాణి టీచర్ ఆడోళ్ళ సంఘం మీటింగుకు వచ్చింది. ధర్మపురి దిక్కు బడిల పీటీ టీచర్ చేసి రిటైరైన మనిషి. నౌకరి పోయినా ఈల పోలే, ఇప్పటికీ మెడలనే ఉంటది. వచ్చి, నిలవడే చెప్పింది.

"వరికోతలైనంక గోదారి పక్కపొంటి బాసర దాంక నడుస్తం. ఆడోళ్ళమే. ఎన్క కారు రాదు, ఆటో రాదు. పండుకునే బట్టలు, కట్టుకునే బట్టలు అన్ని ఈపు మీదనే. ఎవల సంచి వాళ్ళే మొయ్యాలె. ఎవలన్న తన సంచి ఇంకోల చేతికిచ్చిన్రా, గక్కడికక్కడ బస్సెక్కించి ఇంటికి పంపుత. మొగడొచ్చి మోస్తనన్నా ఊకోను."

మీటింగుల ఉన్నోళ్ళు కిసకిస నవ్విండ్రు. బాసరకు బస్సు లేదా, బుద్ధి లేదా అని చెవులు కొరుక్కున్నరు. నర్మద నవ్వలే. ఆమె పానం గా మాట మీదికి గుంజింది. ఎందుకంటె ఆమె ఊరు దాటిన ప్రతిసారి ఎవల పని మీదనో పోయింది. తల్లిగారింటికి పోతె తమ్మునికి పప్పు, బిడ్డ ఇంటికి పోతె అప్పాలు, దవఖానకు పోతె అత్త మందులు, తిరుపతికి పోయినా వాడకట్టోళ్ళందరి మొక్కులు. చేతులూపుకుంట ఎన్నడు పోలే. ఎవల పని లేకుంట, ఎవల వస్తువు లేకుంట, తన పెయ్యి తను మోసుకొని ఒక్కసారి పోవాలె. ఇరవై ఏండ్ల నుంచి గట్టు మీదికెళ్ళి చూసుడే గని, గా నది ఎక్కడికెళ్ళి వస్తుందో పక్కపొంటి నడిచి చూడాలె. గంతే కోరిక. గింత చిన్న కోరికకు సిగ్గువడాల్నా? ఆమెయితె సిగ్గువడలే, చెయ్యి లేపింది.

మీటింగైనంక టీచర్ ఆమెను పక్కకు పిలిచింది. "నీ మెడ సంగతి నాకెరికె. నీకు సంచే ముఖ్యం. బరువు భుజాల మీద పడద్దు, నడుం మీద ఆగాలె. ఆడోళ్ళ కొలతకు కుట్టినయి వేరే ఉంటయి, రంగు చూసి మోసపోకు. ఖాళీ సంచి తేలికగుండాలె. సంచే బరువుంటె ఇంక నువ్వు మోసేదేముంటది?" అని, జేబుల నుంచి నాడా తీసి, నర్మద మెడ కింద ఉబ్బెత్తు బొక్క కాడ ఒక కొస పెట్టి, తుంటి బొక్క కాడ ముడేసి, "గిది నీ ఈపు కొలత" అని చేతికిచ్చింది. నర్మద గా నాడాను కొంగుకు కట్టుకున్నది.

ఇంట్ల చెప్తె హనుమండ్లు "నీ ఇష్టం" అన్నడు. అని అటకెక్కిండు. అటక మీదికెళ్ళి దుబాయి బ్యాగు దించిండు.

గా బ్యాగు గురించి చెప్పాలె. అండ్ల ఒక మనిషిని మడతవెట్టి పెట్టచ్చు. కింద చక్రాలు, పక్కకు బెల్టులు, మీద నల్లరంగుతోటి పెద్ద పెద్ద అక్షరాలల్ల హనుమండ్లు పేరు. బ్యాగు కట్టుట్ల ఆయనను మించినోడు దుబాయిల వాళ్ళుండే క్యాంపు మొత్తంల లేకుండె. ఎవడు ఇంటికి పోయినా హనుమండ్లునే పిలిచేటోళ్ళు. పిల్లల బూట్లల్ల బాదాం పలుకులు, అంగీల జేబులల్ల సబ్బులు, కంబలి మడతల మధ్య సెంటు సీసలు, ఆఖరికి మీది నుంచి తాడు అల్లి బిగించి, విమానమోళ్ళు పెట్టిన తూకానికి గింజ ఎక్వ గాకుంట కట్టిచ్చేటోడు. మనిషన్నంక ఒక గర్వముంటది, ఆయన గర్వం గది. తప్పేంలే. గని గా గర్వాన్ని పెండ్లాం ఈపు మీద పెడ్తనంటె ఎట్ల?

"గిది గట్టిది," అన్నడు. "పదేండ్లు కొట్లాడినా చినగలే. చక్రాలు తీసేసి రెండు పట్టీలు కుట్టిస్త."

"మొయ్యాల్సింది నేను," అన్నది నర్మద.

"ఖాళీ బ్యాగుతోటి కదిలితె మనిషికి ఇజ్జత్ ఉంటదానే? పోయేటోడు నింపుకొని పోవాలె, వచ్చేటోడు నింపుకొని రావాలె."

"నేను ఇజ్జత్ కోసం పోతలేను. నడిచేటందుకు పోతున్న."

"సరె, నీ ఇష్టం. కొత్తది కొందువు గని, నేను గూడ వస్త. బ్యాగుల గురించి నీకేమెరిక."

ఇద్దరు కలిసి కరీంనగర్ బస్సెక్కిండ్రు. గడియారం దగ్గరి గల్లీల కొండలెక్కేటోళ్ళ సామాన్ల దుకాణం ఒకటున్నది. ప్రణయ్ అని ముప్పై ఏండ్ల పిలగాడు నడుపుతుండు. లోపలికి పోంగనె హనుమండ్లును చూసి, "అన్నా, మీకు ఎంత పెద్దది కావాలె?" అని అడిగిండు.

"నాకు," అన్నది నర్మద.

"మీకా ఆంటీ? లేడీస్ది ఉన్నది," అని గులాబీ రంగుది ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టిండు. ముంగట చిన్న అద్దం గూడ ఉన్నది దానికి, నడుసుకుంట మొఖం చూసుకోవాల్నో ఏమో. నర్మద కొంగు ముడి విప్పి నాడా తీసి సంచి ఈపుకు పెట్టి చూసింది. సంచి ముడి దాటి జానెడు కిందికి పోయింది. నడుం బెల్టు తొడల మీదికి వస్తది.

"ఇది మొగోళ్ళదే బాబూ. రంగేసిండ్రు."

ప్రణయ్ మంచోడే, మాట పట్టింపు లేనోడు. నవ్వి లోపలికి పోయి ఇంకో రెండు తెచ్చిండు. "ఇవి నిజంగనే ఆడోళ్ళ కొలతవి. పట్టీలు దగ్గరికుంటయి, ఛాతి కాడ వంపు తిరుగుతయి. నడుం బెల్టు తుంటి మీద కూసుంటది" అని చూపెట్టిండు. ఒకటి పెద్దది, నల్లది, దళసరి బట్ట, ఎన్నో జేబులు. ఇంకోటి బూడిద రంగుది, సన్నది, పట్టుకుంటె లోపల చెయ్యి కనవడ్తదేమో అన్నంత పల్చని బట్ట.

హనుమండ్లు నల్లదాన్ని వదలలే. కుట్లు గుంజి చూసిండు, జిప్పులు పదిసార్లు తీసి పెట్టిండు, ఆఖరికి కింద పెట్టి దాని మీద కూసున్నడు. "గిది బ్యాగంటె," అన్నడు. బూడిద రంగుదాన్ని ఒక వేలుతోటి లేపి, "గాలొస్తె గోదాట్ల పడ్తది" అన్నడు.

"రెండిట్ల బరువేసియ్యి బిడ్డా. వేసుకొని తిరుగుత," అన్నది నర్మద.

ప్రణయ్ ఇసుక పొట్లాలు వేసిచ్చిండు. ఆడికెళ్ళి అసలు కథ షురువైంది. నడుం బెల్టు పెట్టుకుంటె కుచ్చిళ్ళ ముడి కడుపుల పొడుస్తాంది. జర వదులు చేస్తె సంచి జారి బరువంతా భుజాల మీదికి వస్తాంది. పాంటు వేసుకునే ఆడిపిల్లలైతె ఏం లేదు, చీరె కట్టేటోళ్ళ గురించి గా సంచి కుట్టినోడు సోంచాయించలే. నర్మద సంచి దించి, పక్కకు బట్టలు మార్చుకునే గది ఉంటె అండ్లకు పోయి, కుచ్చిళ్ళు ఊడదీసి గోసి వెట్టి వచ్చింది. నాట్లకు పోయేటప్పుడు చీరె ఎన్కకు దోపి కట్టుకుంటరు సూడుండ్రి, గట్ల. ముడి ఎన్కకు పోయింది, ముంగట సాపు అయింది. బెల్టు వచ్చి తుంటి బొక్క మీద కూసున్నది.

"పట్నంల గోసి వెట్టుడేందే," అన్నడు హనుమండ్లు గొంతు తగ్గించి. "అందరు చూస్తుండ్రు."

"చూడనియ్యి. వాళ్ళేమన్న మోస్తరా?"

ముందుగాల నల్లది వేసుకొని బజార్లకు దిగింది. గోసి చీరె, కాళ్ళకు రబ్బరు చెప్పులు, ఈపు మీద అంత సంచి. పండ్ల బండ్లోళ్ళు చూసిండ్రు, ఆటోలోళ్ళు హారన్ కొట్టిండ్రు, కాలేజీ పోరిలిద్దరు ఫోన్లు తీసిండ్రు. నర్మద మొఖం దించుకోలే. గల్లీ చివర దాంక పోయేసరికి మెడల సూదులు పొడిచినట్టైంది. సంచే సగం బరువున్నది, సామాను సంగతి తర్వాత. మళ్ళొచ్చి అదే ఇసుక బూడిద రంగుదాంట్ల వేయించుకున్నది. ఈసారి గల్లీ దాటింది, గడియారం చుట్టు తిరిగింది, అటు పక్క కూరగాయల మార్కెట్ దాంక పోయింది. బరువు నడుం మీదనే ఆగింది. మార్కెట్ కాడ నిలవడి మెడ ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. ఎటంటె అటు తిరిగింది. ఈపు మీద బరువుండంగ మెడ తిరుగుడు ఆమె జన్మల గదే మొదలు. సంతోషం పట్టలేక, ఎవలో తెల్వని ఆడామె కాడ వంకాయలు బేరం చేసి, కొనకుంట వచ్చింది.

"గిదే," అన్నది దుకాణంలకు వచ్చి.

"గండ్ల ఏం వడ్తదే?" అన్నడు హనుమండ్లు.

"నాయి వడ్తయి."

"ఇంకోలయి?"

"వడయి. అందుకే తీసుకుంటున్న."

హనుమండ్లు మొఖం అదోలెక్క పెట్టిండు. ఆమె తన బీడీల పైసలు తీసి కట్టింది. దారి పొడుగునా ఆయన కిటికీల నుంచి చూసుకుంట కూసున్నడు. చొప్పదండి దాటినంక, "నల్లదానికి జేబులు మంచిగుండె" అన్నడు, గంతే.

ఆనాటి నుంచి నర్మద పొద్దుగాల లేసి సంచిల ఇటుకలేసుకొని పొలాల చుట్టు తిరుగుడు మొదలువెట్టింది. ఊరంతా ఒకటే నవ్వు. "నర్మద మళ్ళ బడిల చేరింది" అనేటోళ్ళు కొందరు. "అవ్ మరి, మీరు ఫెయిలైన బడే" అని జవాబిచ్చి నడిచేది. నవ్వినోళ్ళకు రెండు మూడు వారాలల్ల విసుగొచ్చింది, ఆమెకు రాలే.

కోతలైపోయినయి. రేపు పొద్దుగాల బయలెల్లుడు. నర్మద సంచి సదిరి పెట్టుకున్నది. ఒక దుప్పటి, రెండు చీరెలు, మంచుకు స్వెట్టరు, నీళ్ళ బాటిల్, అటుకులు, మెడ మందు. సదిరి, చేసిన బీడీలు ఇచ్చి వద్దామని బీడీల కార్ఖానకు పోయింది. గదే ఆమె చేసిన తప్పు.

గా ఊర్ల ఒక రివాజున్నది. ఎవలన్న దుబాయికో మస్కటుకో పోతుంటె, తెల్లారి విమానమనంగ మాపటికి ఊరంతా పొట్లాలు పట్టుకొని వాళ్ళింటికి వస్తరు. మా పిలగానికి గీ తొక్కు ఇయ్యి, మా అల్లునికి గీ మందులు ఇయ్యి అని. వద్దనుడు ఉండదు. వద్దన్నోడు మనిషే గాదు. వాని కండ్లు నెత్తికెక్కినయంటరు, వాని ఇంట్ల శుభకార్యానికి గూడ లెక్క చూసుకొని వస్తరు. హనుమండ్లు పదిహేనేండ్లు ఒక్క పొట్లం తిప్పి పంపలే. గట్లనే ఇప్పుడు గూడ. పోయేటామె నడిచి పోతాందా, ఎగిరి పోతాందా అని ఒక్కలన్న సోంచాయించాలె గదా. లేదు. బాసర అంటె చాలు, ఊరంతా లేసింది.

నర్మద వచ్చేసరికి అరుగు నిండ మనుషులు. నడుమ బూడిద రంగు సంచి. నిండు చూలాలి లెక్క ఉబ్బి ఉన్నది, జిప్పు కాడ కుట్టు పండ్లు తెరిచింది, మీదికెళ్ళి నైలాన్ తాడు అల్లి బిగించి ఉన్నది. పక్కకు హనుమండ్లు చెమట తుడుసుకుంట, పెండ్లి చేసిన తండ్రి లెక్క నిలవడ్డడు.

"చూసినవా," అన్నడు. "వడదంటివి. అన్ని పట్టించిన."

నర్మద గోడ పక్కకు చూసింది. ఆమె దుప్పటి, ఆమె స్వెట్టరు, ఆమె చీరెలు కుప్పేసి ఉన్నయి.

"అవి తీయాల్సి వచ్చింది. దుప్పటి ఏడనన్న అడిగితె ఇస్తరు," అన్నడు ఆయన.

అప్పుడొచ్చింది కోపం. ఇన్నేండ్లది ఒక్కసారే వచ్చింది. అరవలే. వంటింట్లకు పోయి కత్తిపీట తెచ్చుకొని అరుగు మీద కూసున్నది. తాడు కోసింది. హనుమండ్లు, "అరె, ముడి విప్పరాదా" అన్నడు. ముడి విప్పే ఓపిక ఎవలకున్నది.

ముందుగాల తొక్కు జాడి వచ్చింది. గాజుది. "ఇదెవలది?"

"నాదే," అన్నది పక్కింటి దేవవ్వ. "మా బిడ్డె మెండోరల ఉంటది గదా, నీ తొవ్వలనే పడ్తది. నీళ్ళోసుకుంది, మామిడికాయ తొక్కు మీద పానం పోతాందట."

"దేవక్కా, ఆమెకు తొక్కు పంపుడు మంచిదే. నేను తీస్కపోను."

"ఒక్క జాడికేనా?"

"ఒక్క జాడికే." జాడి ఆమె చేతుల పెట్టింది. దేవవ్వ మొఖం ఎర్రగైంది. నర్మదకు గూడ లోపల కలుక్కుమన్నది, తన కాన్పుకు వచ్చిన మొదటి మనిషి దేవవ్వనే. అయినా చెయ్యి ఎన్కకు తీసుకోలే.

తర్వాత పుస్తకాలు. పదో తరగతివి, ఇంటర్వి, ఒకాయనవి నౌకరి పరీక్షవి, దిండంత ఉన్నయి. సరస్వతమ్మ పాదాల కాడ పెట్టి మళ్ళ తేవాల్నట. పోనూ రానూ ఆమెనే మొయ్యాలె. ఎవలయి వాళ్ళకు పిలిచి ఇచ్చింది. "చదివితె పాసైతరు, నేను మోస్తె గారు" అన్నది. కొబ్బరికాయలు, ఇత్తడి దీపంత, ఎవలో అల్లునికి కుట్టించిన అంగీ, ఒక్కొక్కటే తీసి అరుగు అంచు మీద పెట్టింది. ఒక్కొక్కలే గునుసుకుంట తీసుకున్నరు. "రాజయ్య కోడలు గిట్ల చేస్తదనుకోలే" అన్నరు, సచ్చిపోయిన మామ పేరు గూడ తీసిండ్రు. ఆమె ఇనుకుంట తీస్తనే ఉన్నది.

అడుగున మూట మిగిలింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకుడుకలు, రవికె బట్ట. ఒడిబియ్యం. లస్మవ్వ గడప కాడ కూసొని చూస్తాంది.

"అది నాది," అన్నది ముసల్ది. "బాసరమ్మకు. మొక్కుకొని మస్తు దినాలైంది. దేవునిది గూడ బరువైందానే నీకు?"

అరుగు మీదోళ్ళు అందరు నర్మద దిక్కే చూస్తుండ్రు. దేవుని మూట దించుతదా అని.

నర్మద రెండు చేతులతోటి మూట లేపి అత్త ఒళ్ళె పెట్టింది. "బరువైంది అత్తా," అన్నది. "దేవునిదైనా బియ్యం బియ్యమే. నా మెడకు దేవునిది, దయ్యానిది తెల్వది. నీ మొక్కు నువ్వు తీర్చుకో, బస్సుకు నేనే ఎక్కిస్త. నా ఈపు మీద మాత్రం పోదు."

లస్మవ్వ మూట ముడి సదురుకున్నది. హనుమండ్లు ఆగలే. పదిమందిల ఆయన ఇజ్జత్ పోయింది, ఆయన బాధ ఆయనది.

"నేను పదిహేనేండ్లు మోసిన," అన్నడు. "గీ ఊరి పొట్లం ఒక్కటి గూడ వద్దనలే. నేను మాటిచ్చిన వాళ్ళకు. నువ్వొక్కదానివే కొత్తగ పుట్టినవా?"

నర్మద లేసి నిలవడ్డది. "నువ్వు మోసినవ్, కాదంటలేను. గని నీకు తూకముండె. ముప్పై కిలోలు దాటితె విమానమోళ్ళే తీసి పారెయ్యమంటుండె. నువ్వే చెప్పినవ్, గింజ ఎక్వ గానియ్యనని. నీకు పెట్టిండ్రు తూకం. నాకెవ్వలు పెట్టిండ్రు? నీళ్ళకు తూకం లేదు, గడ్డికి లేదు, బస్తాకు లేదు. మెడ బొక్కలరిగినా ఎవ్వలు చాలనలే. నువ్వనలే, మీ అవ్వ అనలే, నేను గూడ అనలే. ఇయ్యాల అంటున్న. నా తూకం నేనే పెట్టుకున్న. అంతకు మించి గింజ ఎక్కది."

"మరి నేనిచ్చిన మాట?"

"మాట నువ్విచ్చినవ్. బ్యాగు నీకున్నది. బస్సులు తిరుగుతున్నయి."

అని గోడ పక్కకున్న తన బట్టలు తెచ్చుకొని, అందరి ముంగటనే సదురుకొని, జిప్పు పెట్టింది. జిప్పు కాడ పోయిన కుట్టుకు సూది దారం తెచ్చి గక్కడనే కూసొని కుట్టుకున్నది. మనుషులు ఒక్కొక్కలే పోయిండ్రు.

పొద్దున ధర్మపురి గోదారి ఒడ్డు కాడ టీచర్ ఈల ఊదింది. గోసి చీరెలు, పంజాబీ డ్రెస్సులు, రకరకాల సంచులు, అన్ని కలిసి బయలెల్లినయి. నర్మద ఎన్కకు తిరిగి చూడలే. ఎన్క ఎవలు గూడ రాలే లెండ్రి.

నడుసుడంటె తేలిక గాదు. ఇటుకలు మోసి పొలం చుట్టు తిరిగినా గూడ తేలిక గాదు. రెండోనాటికి మడిమెకు బొబ్బ లేసింది. మూడోనాటికి పలిగింది. బళ్ళల్ల, గుళ్ళల్ల పండుకున్నరు, చలికి దుప్పటి చాలలే. ఆదివారంనాడు ఒకామె ఏడ్సుకుంట సంచి పక్కామెకు ఇచ్చింది. టీచర్ మాట తప్పలే, బస్సెక్కించింది. నర్మద అందరి కన్న ఎన్కవడి నడిచేది. గని పొద్దునపూట మంచు లేస్తుంటె గోదారి పక్కపొంటి పోతున్నప్పుడు, ఇసుకల కొంగలు నిలవడి ఉన్నప్పుడు, ఆమెకు ఎవ్వలకు ఏం తీసుకపోయేది లేదన్న మాట యాదికొచ్చేది. యాదికొచ్చి ఒక్కతే నవ్వుకునేది. ఎవలన్న చూస్తె పిచ్చిదనుకునేటోళ్ళే.

సోన్ బ్రిడ్జి కాడికి వచ్చేసరికి పొద్దు తిరిగింది. బ్రిడ్జి దాటితె ఆదిలాబాద్ దిక్కు. ముంగటోళ్ళు అప్పటికే బ్రిడ్జి మీదున్నరు. నర్మద కుంటుకుంట వస్తాంది. ఇవతలి ఒడ్డున చాయ్ బండి కాడ బల్ల మీద ఒకాయన కూసున్నడు, పక్కకు ఇంత పెద్ద బ్యాగు. చక్రం ఒకటి ఊడిపోయింది దానికి.

హనుమండ్లు లేసి నిలవడ్డడు. నాలుగు దినాలల్ల నల్లగైండు, గడ్డం పెరిగింది.

"ఏడికి?" అన్నది నర్మద.

"బాసరకే. అవ్వ బియ్యమున్నయి." బ్యాగు దిక్కు చూసిండు. "తొక్కు జాడి ఇచ్చొచ్చిన. ఇచ్చిన కాడ ఊకుంటరా, దేవవ్వ బిడ్డె మా అవ్వకు ఇయ్యమని పసుపుకొమ్ముల సంచి చేతుల పెట్టింది. అంగీ ఇచ్చిన కాడ మక్కపేలాల బస్తా ఇచ్చిండ్రు. ఏడ దించినా గాడ ఇంకోటి ఎక్కుతాంది. ఒక్కలన్న సోంచాయిస్తలేరు. కండక్టరు దీనికి గూడ టికెట్ కొట్టిండు."

నర్మదకు నవ్వొచ్చింది, జాలి గూడ వచ్చింది. ఆయన ఆమె కాళ్ళు చూసిండు. మడిమె కాడ చెప్పు పట్టీకి నెత్తురంటింది. ఆయన మొఖం మారింది. గిన్నేండ్లల్ల ఆమె కాళ్ళ దిక్కు గట్ల చూసిన యాది లేదు ఆమెకు.

"ఇటియ్యి," అన్నడు చెయ్యి చాపి. "బ్రిడ్జి దాటిదాంక నేను పట్టుకుంట. టీచర్ ముంగటున్నది, చూడది. నేనెవ్వలకు చెప్ప."

ఆ మాటల ఎత్తిపొడుపు లేదు. నిజంగనే అన్నడు. అదే కష్టమైంది ఆమెకు. కోపంతోటి అంటె కాదనుడు తేలికగుంటుండె. ఆమె నడుం మండుతాంది, మడిమె సలుపుతాంది, బ్రిడ్జి చూస్తె కొస కనవడ్తలేదు. ఇద్దామా అనిపించింది. చెయ్యి బెల్టు మీదికి పోయింది గూడ. ఇస్తె ఎవ్వలు చూడరు.

ఆమె బెల్టు విప్పలే. దాని కొస గుంజి ఇంకింత బిగించింది.

"ఇయ్య," అన్నది. "నాయి నేను మోసుడు గిప్పుడే మొదలైంది."

ఆయన చెయ్యి గట్లనే చాపి ఉన్నది. నర్మద ఆయనను దాటి, బ్రిడ్జి మీద కాలు పెట్టి, కుంటుకుంటనే అటు దిక్కు నడిచింది.